విశాఖలో మనము చూడని తీరము

వేసవి సెలవులు వచ్చినను, దసరా పండుగ దాటినను, మన తెలుగు కుటుంబములలో మొదట వినబడు మాట "విశాఖపట్నము పోవుదమా?" అనునదే. సముద్రము నెన్నడును ఎఱుగని పిల్లలకు సముద్రము చూపవలెనను తండ్రికిని, సింహాద్రి యప్పన్నకు మ్రొక్కు చెల్లింపవలెనను అత్తగారికిని, మూడు దినములు వంటయింటి ముఖము చూడక యుండవలెనను ఇల్లాలికిని, అందరికిని తగిన యూరిది. రైలు దిగినవారు రామకృష్ణా తీరమున అలలలో కాళ్ళు తడుపుకొందురు. 1969 మొదలు 2001 వరకు మన నౌకాదళమున పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురా జలాంతర్గామిలో నడుము వంచి నడచి బయటికి వత్తురు. కైలాసగిరి నెక్కి శివపార్వతుల విగ్రహముల ముందు ఫొటో తీయించుకొందురు. ఋషికొండలో స్నానమాడుదురు. మరునాడు సొరంగములలో దూరి పోవు రైలుబండి యెక్కి బొఱ్ఱా గుహలను, అరకులోయను చూచి, మూడవనాటి రాత్రికి పెట్టె సర్దుకొందురు.

ఇందులో తప్పు పట్టవలసిన దేమియు లేదు. చూడదగినవి గనుకనే జనులు చూచుచున్నారు. నేనీ యూర కాపురమునకు వచ్చి ముప్పది యేండ్లు దాటినది. వచ్చిన బంధువుల నెల్ల నీ వరుసనే త్రిప్పితిని. ఏ పూట నెక్కడ నెండ తక్కువగా నుండునో, ఎక్కడ పిల్లలకు మంచినీరు దొరకునో నాకు కంఠస్థమైనది. అయినను రామకృష్ణా తీరమునుండి కైలాసగిరికి పోవు దారిలోనే యొక చోటు కలదు. దానిని దాటక కైలాసగిరికి పోవుట కష్టము. దాని యొద్ద బండి నాపువారు మాత్రము అరుదు. అదియే జాలరిపేట.

ఆ పేరు గల వాడలు ఈ పట్టణమున ఒకటికంటె నెక్కువ కలవు. నేను చెప్పుచున్నది లాసన్సు బే యొద్దనున్న పెదజాలరిపేటను గూర్చి. కారులో పోవువారికి కొన్ని పడవలు, కొన్ని వలలు, ఒకదాని నొకటి ఆనుకొని యున్న యిండ్లు, ముక్కునకు సోకు ఎండుచేపల వాసన, ఇంతమాత్రమే తెలియును. అద్దము పైకెత్తుకొని ముందుకు సాగిపోవుదురు. దూరదేశములకు పోయి జనసంచారము లేని సీమలను వెదకి చూచి వచ్చితిమని సంతోషించువారు మనలో నిప్పుడు చాలమంది కలరు. విశాఖలో నట్టి సీమ పట్టణము నడుమనే యున్నది.

మా యింటికి చేపలు తెచ్చునామె యీ పేట మనిషియే. తలపై తట్ట, తట్టపై తడిగుడ్డ, చేతిలో చిన్న కత్తిపీట. పదునెనిమిది యేండ్లుగా నా కీ రూపముననే యామె పరిచయము. ఆమె నన్ను "అమ్మగోరు" అనును. నే నామెను "అప్పా" యందును. అక్కను మా ప్రాంతమున నట్లు పిలుతురు. తట్ట దింపి గుడ్డ తొలగించి, "ఇయ్యాల కవ్వళ్ళు బాగున్నాయమ్మా, వంజరం వద్దు, నిన్నటిది" అని ఉన్నది ఉన్నట్లు చెప్పును. ఆ మాట వలననే మా వీధిలోని నాలుగైదిండ్ల వారికి ఆమెపై గురి కుదిరినది.

గడచిన మాఘమాసమున మా వదినగారు హైదరాబాదునుండి మా యింటికి వచ్చిరి. ఆమె బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ప్రశ్న యడుగనిదే యూరకుండలేరు. "అమ్మాయీ, కొండలును గుహలును రెండు మారులు చూచితిని. ఈసారి మీ యూరివారు బ్రతుకు చోటేదైన చూపుము" అనిరి. అప్ప తట్ట దింపుచు ఆ మాట వినెను. "మా పేటకి రండమ్మా, ఎవరొద్దన్నారు? అయితే ఎండెక్కినాక వత్తే ఏటీ ఉండదు. పొద్దు పొడవకముందే రావాల" అనెను.

మరునాడు చీకటితోనే పోయితిమి. తూర్పున నింకను ఎఱుపు రాలేదు. ఒడ్డున స్త్రీలు గుంపులు గుంపులుగా కూర్చుండి యుండిరి. ఒకతె ముందు అల్యూమినియపు గిన్నె, ఒకతె ముందు ప్లాస్టికు తొట్టి, మరియొకతె ముందు పాతకాలపు వెదురుగంప. అందరి చూపును నీటిమీదనే. మాటలు నడచుచునే యుండెను. పిల్లల చదువులు, గ్యాసు ధర, ఎవరి కోడలో అలిగి పుట్టింటికి పోవుట. మాటల నడుమ నొకతె లేచి నిలుచుండి, "వత్తన్నాది" అనెను. మాకేమియు కనబడలేదు. కొంతసేపటికి గాని నల్లని చుక్కయొకటి అలలపై లేచుచు దిగుచు రాలేదు. అది యెవరి పడవయో కూడ వారప్పటికే చెప్పుకొనుచుండిరి.

పూర్వము తేలికయైన దుంగలను త్రాళ్ళతో కట్టిన తెప్పలపై వేటకు పోయెడివారు. నేడు ఫైబరుతో పోతపోసిన పడవలు, వెనుక మోటారు. అయినను ఒడ్డునకు చేరు విధము మారలేదు. ఇచ్చట రేవు లేదు, ధక్కా లేదు. వచ్చు కెరటములలో దేని వెనుక రావలెనో చూచి, దాని వీపున పడవను వదలి, ఇసుకకు తగులగానే మగవారందరును దుమికి భుజము లానించి పైకి త్రోయుదురు. ఒక పడవ వచ్చినచో ఇరుగుపొరుగు పడవలవారును చేయి వేయుదురు. ఈ పనికి ఇసుక వాలుగా, వెడల్పుగా నుండవలెను. ఒడ్డు నిటారుగా కోసుకొని పోయిన చోట పడవ నెక్కింపజాలరు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనిని గూర్చి ముందు చెప్పవలసియున్నది.

పడవ నిలిచినది మొదలు ఒడ్డంతయు సంత. వలలోనుండి చేపలను విడిపించుట, రకములను వేరుచేయుట, పాట మొదలిడుట, అన్నియు నొక్కసారియే. వంజరము, చందువ మొదలగు పెద్దచేపలకు హోటళ్ళకు సరఫరా చేయువారును, మంచుపెట్టెలతో వచ్చిన వర్తకులును ముందుకు వత్తురు. కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు వంటి చిన్నచేపలకై స్త్రీలు పోటీ పడుదురు. పాట యెంత వేగముగా సాగెననగా, మా వదినగారు ఒక్క మాటకు అర్థ మడుగునంతలో రెండు రాసులు చేతులు మారినవి. ఆకాశమున గరుడపక్షులు తిరుగుచుండెను. కాకులును కుక్కలును తమ వంతు తాము తీసికొనెను.

మా అప్ప గొంతెత్తి పాడి యొక రాశి కవ్వళ్ళను దక్కించుకొనెను. ఆ పడవలో ఆమె భర్తయు నుండెను. మా వదినగారి కిది వింతగా తోచినది. "మగడు పట్టిన చేపను పెండ్లాము డబ్బిచ్చి కొనుటేమి?" అని యడిగిరి.

అప్ప నవ్వెను. "సేప ఆయనొక్కడిదా అమ్మా? పడవకో వాటా, వలకో వాటా, మోటారుకో వాటా, ఎక్కినోళ్ళకు తలో వాటా. పాట డబ్బు ఒచ్చినాక పంచుకుంటారు. ఆయన లెక్క ఆయనది, నా లెక్క నాది."

ఈ లెక్కయే నన్ను ఆలోచనలో పడవేసినది. వేట మగవారిది, ఒడ్డు ఆడువారిది అని సులువుగా చెప్పవచ్చును. కాని ఒడ్డు ఆడువారిదగుట యనగా నేమో అక్కడ కూర్చుండి చూచినప్పుడే తెలిసినది. తెల్లవారుజామున అప్పు తెచ్చిన సొమ్ముతో పాటలో కొనవలెను. మంచునకు ఖర్చు, ఆటోకు ఖర్చు. తట్టలోని నీరు కారునని బస్సులలో కొందరు ఎక్కనీయరు. కావున ఐదారుగురు కలిసి ఆటో మాట్లాడుకొందురు. ఎండ ముదురకముందే అమ్ముడుపోవలెను. మిగిలిన దానికి ఉప్పు పట్టించి ఎండబెట్టవలెను. సాయంకాలమునకు అప్పు తీర్చి, మిగిలినదానితో బియ్యము కొనవలెను. మరునాడు మరల మొదలు. మగడు సముద్రముమీద నుండి వట్టిచేతులతో వచ్చిన దినమున గూడ ఇంట పొయ్యి వెలుగుచున్నదన్నచో అది యామె తట్ట వలననే. అప్పకు అక్షరములు రావు. కాని మా వీధిలో నెవరెంత బాకీయో, గత మాసమున నెవరికి తూకము తగ్గినదో, అన్నియు నామె నోటనే యున్నవి. డ్వాక్రా సంఘములో తీసికొన్న అప్పునకు వాయిదా తప్పలేదని యామె చెప్పుకొనునపుడు మన యిండ్లలో పిల్లల మార్కులు చెప్పుకొనునట్లు చెప్పుకొనును.

ఎండ పొడిచిన పిమ్మట పేటలోనికి తీసికొని పోయెను. సందులు ఇరుకు, రెండు చేతులు చాచినచో రెండిండ్ల గోడలు తగులును. అయినను ప్రతి గుమ్మము ముందును కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టియుండెను. నెత్తళ్ళను పాత వలలపై పలుచగా పరచి యెండబెట్టుచుండిరి. ఒక ముదుసలి వానిని చేతితో కలియబెట్టుచు కాకులను తోలుచుండెను. కొత్త పడవయొకటి పసుపు పూసికొని, కుంకుమ బొట్లు పెట్టుకొని, కొబ్బరికాయ కొట్టించుకొనుటకు సిద్ధముగా నుండెను. అప్ప యిల్లు రెండు గదులది. గోడమీద గంగమ్మ పటము, దాని ప్రక్కనే కూతురి బడిలో నిచ్చిన మెచ్చుకోలు పత్రము.

అప్ప భర్త గుమ్మమున కూర్చుండి చిరిగిన వల నల్లుచుండెను. తీరము కనుమరుగైన తరువాత చేపలున్న చోటును ఎట్లు గురుతుపట్టుదురని మా వదినగారు అడిగిరి. ఆయన తలయెత్తి కైలాసగిరి వంక చూపి, "కొండలే మా గురుతులు తల్లీ" అనెను. దక్షిణమున డాల్ఫిను ముక్కు కొండ, ఉత్తరమున కైలాసగిరి, ఊరి వెనుక సింహాచలము కొండలు. నీటిమీదనుండి చూచినపుడు ఈ కొండలలో రెండు, లేదా యొక కొండయు నొక మేడయు, ఒకే వరుసలోనికి వచ్చు చోటొకటి యుండును. మరి రెండు గురుతులు మరియొక వరుసలోనికి వచ్చును. ఆ రెండు గీతలును కలిసిన చోటే చేపలుండు రాతినేల. నేడు సెల్ ఫోనులో దిక్కు చూచుకొను యంత్రము వచ్చినది. కాని ఫోను తడిసి చెడిన నాడు కొండలు చెడిపోవుగదా యని యాయన అనెను.

నేను కైలాసగిరిమీద నెన్ని సాయంకాలములు గడపితినో లెక్క లేదు. కొండమీద నిలిచి సముద్రమును చూచి, ఎంత యందముగా నున్నదని యనుకొంటిని. అదే సమయమున క్రింద పడవలలోనివారు ఆ కొండను చూచి తమ యన్నమెక్కడ నున్నదో తెలిసికొనుచుండిరన్నమాట. కొండ యొక్కటియే. పైనుండి చూచువారికి అది వినోదము, క్రిందనుండి చూచువారికి ఆధారము. ఇది తెలిసిన తరువాత ఆ కొండ నాకు మునుపటివలె కనబడుట లేదు.

ఈ పట్టణమే యొకప్పుడు జాలరుల పల్లెలు ఆనుకొనియున్న చిన్న యూరు. 1933లో నౌకాశ్రయము తెరచిరి. దాని కట్టకు ఆధారముగా రెండు పాత ఓడలను సముద్రమున ముంచిరి. 1970వ దశకమున పెద్ద యోడలకై బయటి నౌకాశ్రయమును కట్టిరి. 1992లో ఉక్కు కర్మాగారమును జాతి కంకితము చేసిరి. ఇవి లేనిచో మనము నేడు చూచు మహానగరము లేదు. ఎందరి బిడ్డలకో ఉద్యోగములును లేవు. అయితే సముద్రమున నొక కట్ట కట్టినపుడు దాని ఫలము చాల దూరము పోవును. మన తూర్పు తీరమున కెరటములు ఇసుకను ఒడ్డు వెంబడి నెట్టుకొని పోవుచుండును. సంవత్సరము మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు నిసుకయే హెచ్చు. దారిలో కట్ట అడ్డమైనచో ఇసుక దాని దక్షిణమున నిలిచిపోవును; ఉత్తరపుటొడ్డునకు రావలసిన యిసుక రాదు. అలలు మాత్రము తమకు కావలసినది తీసికొని పోవుచునే యుండును. అందుచేతనే రామకృష్ణా తీరము కోతకు గురియగుచున్నది. కట్ట యొద్ద నిలిచిన యిసుకను యంత్రములతో త్రవ్వి తెచ్చి మరల తీరమున పోయుచున్నారు.

యాత్రికులకు ఇసుక తగ్గుట యనగా కూర్చుండు చోటు తగ్గుట. జాలరికి అది పడవ నెక్కించు చోటు, వల నారబెట్టు చోటు, చేప నెండబెట్టు చోటు తగ్గుట. ఇందులకు తోడు 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను ఈ పట్టణముమీదనే తీరము దాటినది. మా యింటి పెంకులు లేచిపోయినవి. పదిదినములు దీపములు లేవు. జాలరిపేటలోనివారికి పడవలును వలలును పోయినవి. మాకు పోయినది ఇల్లు కప్పు మాత్రమే, వారికి పోయినది కూలిచేయు చేయి.

పట్టణమునకు దక్షిణమున గంగవరము రేవును కట్టినపుడు దిబ్బపాలెము జాలరులు తమ తీరమును వదలి లేచిపోవలసి వచ్చినది. కావుననే ఒడ్డున నెవరైన కొలతగొలుసు పట్టుకొని నడచినచో జాలరిపేటలో మాటలాగిపోవును. తీరమును అందముగా తీర్చిదిద్దవలెనని మనము కోరుదుము. అలంకారపు దీపములు, నడక దారులు, పచ్చిక తోటలు ఎవరికి చేదు? కాని ఆ తోటలో వల నారబెట్టనీయరు, ఆ నడకదారిమీద నెత్తళ్ళ నెండనీయరు. వాసన వచ్చునని మనమే ఫిర్యాదు చేయుదుము.

ఒడ్డు ఇరుకైన కొలది నీరును ఇరుకగుచున్నది. 1994లో మన రాష్ట్రమున వచ్చిన సముద్రపు చేపలవేట నియంత్రణ చట్టము చిన్న పడవలవారికి తీరమునకు దగ్గరి నీటిని ప్రత్యేకించుటకు వీలు కల్పించినది. అయినను పెద్ద వలలకును చిన్న వలలకును తగవు తీరలేదు. రింగువల యనునది చేపల గుంపును చుట్టివేసి యొక్కసారిగా ఎత్తుకొని వచ్చును. అది వేయువారికి గిట్టుబాటు, వేయనివారికి ఆకలి. 2022 జనవరిలో ఈ వలల విషయమై పెదజాలరిపేటకును, ఉత్తరముననున్న వాసవానిపాలెము మొదలగు పల్లెలకును వైరము ముదిరి పడవలు తగులబడినవి. పోలీసులు కావలి కాసిరి. వియ్యములందిన పల్లెలవి. ఈ పల్లె యాడుబిడ్డ ఆ పల్లె కోడలు. ఆ దినములలో తానెటువైపు చూచినను ఏడుపే వచ్చెడిదని అప్ప చెప్పెను. ఆమె అక్క వాసవానిపాలెమునకే యిచ్చిన మనిషి.

తీరము చాలనప్పుడు జాలరి పరతీరమునకు పోవును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు వేలకొలదిగా గుజరాతుకు పోయి వేరావలు రేవులో పడవలెక్కుచున్నారు. 2018 నవంబరులో అట్టివారిలో 20 మందికి పైగా సరిహద్దు దాటిరని పాకిస్థానువారికి పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ నడుమ పదునాల్గు మాసములు బిడ్డలను సాకుచు, అధికారుల గుమ్మములు త్రొక్కినది ఆ యింటి యాడువారే.

ఇచ్చట మీకొక విషయము చెప్పవలెను. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున మోటారు పడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము పెట్టిన నియమమిది, మంచి నియమము. ఆ కాలమున జాలరి కుటుంబములకు భృతి యిత్తురు. 2025లో దానిని 20,000 రూపాయలకు పెంచిరి. మన బిడ్డల వేసవి సెలవులును సరిగా ఆ దినములలోనే! కావున వేసవిలో విశాఖకు వచ్చినవారికి జాలరిపేటలో ఒడ్డున బోర్లించిన పడవలును, నీడన కూర్చుండి వలలల్లు మగవారును మాత్రమే కనబడుదురు. "వీరికి పని లేదు కాబోలు" నని కొందరనగా నేను వింటిని. ఆ రెండు మాసములలో ఇల్లు గడపుటకు ఆడువారు ఎండుచేపలమ్ముదురు, ఇండ్లలో పాచిపనికి కుదురుదురు, మెడలోనివి తాకట్టు పెట్టుదురు. మనము హోటలులో తిను చేప అప్పుడు మంచుపెట్టెలో దూరమునుండి వచ్చినదైయుండును.

లోకమున నితర దేశములవారు తమ జాలరి స్త్రీల నెట్లు చూచుచున్నారో తెలిసికొనదగినది. పోర్చుగలు దేశమున నజరే యను తీరపుటూరు కలదు. విహారమునకు వచ్చువారితో అది నిండియుండును. అచ్చట నేటికిని స్త్రీలు తీరపు టిసుకమీదనే తడకలు నిలిపి చేపలను చీల్చి యెండబెట్టుచున్నారు. వాసన యని దానిని తొలగింపలేదు. వచ్చినవారే దానిని చూచి, కొనుకొని పోవుచున్నారు. కొరియా దేశమున జెజు దీవి కొత్తదంపతులును సెలవులవారును పోవు చోటు. అచ్చటి స్త్రీలు, ముదుసళ్ళు సైతము, ఊపిరి బిగబట్టి సముద్రమున మునిగి నత్తలను, ఆల్చిప్పలను ఏరి తెచ్చి సంసారములు నడపుచున్నారు. 2016లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ వారి విద్యను మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అయినను అచ్చట పడుచువారా వృత్తికి వచ్చుట తగ్గిపోయినది. గౌరవపత్రము మాత్రముచే ఏ వృత్తియు నిలువదు. చేయుటకు చోటును, చేసినందుకు ఫలమును ఉండవలెను.

ఈ మాటనే మా వదినగారు మరియొక రీతిగా నడిగిరి. "నీ కూతురును తట్ట నెత్తికెత్తుకొనునా?" అనిరి. అమ్మాయి గోడ కానుకొని పుస్తకము తిరుగవేయుచుండెను. ఆమె నర్సు పరీక్షకు చదువుచున్నది.

"నాతోనే తట్ట ఆగిపోవాలమ్మగోరూ," అని అప్ప నావైపు తిరిగెను. "నా గుంట ఆసుపత్రిలో తెల్లబట్టలేసుకోవాల. అయితే ఒడ్డు మాత్రం ఉండాల. ఒడ్డు నేకపోతే దీన్ని నేనేటి పెట్టి సదివించను? ఇది గట్టెక్కీదాకైనా ఉండాల కదా?"

మా వదినగారు మరి ప్రశ్న వేయలేదు. జాలరిపేటను చిత్రపటమువలె నట్లే యుంచవలెనని కోరుటకు మనకు హక్కు లేదు. ఆ యింటి బిడ్డలు చదువుకొని వేరు పనులకు పోవుదురు, పోవలెను. కాని పోవుటకు వలసిన సొమ్ము ఆ యిసుకమీదనే పుట్టుచున్నది. అమ్మాయి చదువును తల్లి తట్టయు ఒక్క త్రాటి రెండు కొనలు. ఒడ్డును ముందుగా లాగివేసినచో రెండవ కొన యెచ్చట నిలుచును?

కావున విశాఖకు రాదలచిన సోదరీమణులకు నా మనవి యిది. మీ యాత్రలో నొక యుదయమును జాలరిపేటకై యుంచుకొనుడు. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు మంచి కాలము. సముద్రము నెమ్మదిగా నుండును, పడవలు వేటకు పోవుచుండును. ఆ మాసములలోనే సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరమున కెక్కును. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను సేకరించి, పిల్లలైన పిమ్మట నీటిలో విడుతురు. సూర్యోదయమునకు ముందే పోవుడు. పడవ లాగుచున్న త్రాళ్ళ నడుమ నిలువకుడు. చెప్పులతో వలలను త్రొక్కకుడు. ఫొటో తీయదలచినచో ముందడుగుడు. పనిలో నున్న స్త్రీ ముఖమునకు ఫోను పెట్టుట మన యింటి వంటగదిలోనికి పరాయివారు తొంగిచూచినట్లే. ముక్కు మూసికొనకుడు, పిల్లలచే మూయింపకుడు.

చేప తినువారైనచో అచ్చటనే కొనుడు. మొప్పలు ఎఱ్ఱగా, కన్ను ఉబికి తేటగా నుండవలెను. వ్రేలితో నొక్కినచో పడిన గుంట వెంటనే పూడవలెను. కన్ను లోనికి పోయి మసకబారినచో అది నిన్నటిది. పెద్దచేపకే పోటీ పడకుడు. కవ్వళ్ళు, నెత్తళ్ళు ధర తక్కువ, బలము ఎక్కువ. నెత్తళ్ళను తలలు తీసి, నాలుగైదు నీళ్ళు కడిగి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయలు వేగిన పిమ్మట పులుపునకు చింతపండునకు బదులు పచ్చిమామిడికాయ వేసి దగ్గరగా వండినచో నెంతయు రుచిగా నుండును. గరిటెతో కలుపరాదు, గిన్నెను రెండు చేతులతో పట్టి యాడింపవలెను. ఇది అప్ప చెప్పిన పాకము. తిననివారైనను పోయి చూడవచ్చును. చూచుటకు నియమము లేదు.

విశాఖలోనే కాపురమున్న మనకు ఇంకొక పనియు కలదు. తీరమును బాగుచేయుటకు ఏ యాలోచన వచ్చినను, పడవలు దిగు చోటెక్కడ, వలలారు చోటెక్కడ, చేపలెండు చోటెక్కడ అని మనమడుగవలెను. మహిళామండలుల సమావేశములలో నడుగవచ్చును, మన వార్డు ప్రతినిధి నడుగవచ్చును. వాసన గూర్చి ఫిర్యాదు చేయుటకు నోరున్న మనకు ఇది యడుగుటకును నోరుండవలెను.

మా వదినగారు ఊరికి పోవునాడు అప్ప యొద్ద రెండు కిలోల ఎండు నెత్తళ్ళు కొనిరి. హైదరాబాదులోని యిరుగుపొరుగువారికి పంచిరట. ఈ సంవత్సరము కార్తికమున తన స్నేహితురాండ్ర నలుగురిని వెంటబెట్టుకొని వత్తునని వ్రాసిరి. వారికి అరకు బండికి టిక్కెట్లు కొనవలెను. ముందు జాలరిపేట చూపవలెను. పడవలు వచ్చువేళ యెప్పుడో అప్ప నడిగి చెప్పుదునని నేను జవాబు వ్రాసితిని.